డెల్టా సేద్యం – సర్కారు సాయం

గోదావరి డెల్టాలో రైతు ఏ పైరు వేస్తాడు, ఆ పైరు మీద అతనికి మిగిలేది ఎంత అనే రెండు ప్రశ్నలకు సమాధానం పొలంలోనే దొరుకుతుందని మనం సామాన్యంగా అనుకొంటాము. నేల, నీరు, విత్తనం, మనిషి కష్టం – ఈ నాలుగూ పంటకు మూలాలు. అది కాదనలేని మాట. కాని ఈ నాలుగింటితో పాటు ఐదవది ఒకటి 170 ఏండ్లుగా ఈ సీమలో పని చేస్తూ వచ్చినది. నీటికి ఎంత తీరువా, ఎరువుకు ఎంత ధర, ధాన్యానికి ఎంత మద్దతు అని ప్రభుత్వం చేసే నిర్ణయమే ఆ ఐదవది. ఈ నిర్ణయం మారినప్పుడల్లా డెల్టా రైతు ఆదాయం మారినది. కాని ఆదాయం మారినంత సులభంగా అతని పైరు మారలేదు. ఈ తేడా ఎందువల్ల కలిగినదో, దాని బరువు ఎవరి మీద పడినదో తెలుసుకొనుటకు కొంత వెనుకటి చరిత్ర చూడవలసి ఉన్నది.

ఆనకట్టకు ముందు గోదావరి జిల్లా సుఖంగా లేదు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న ఈ జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయినది. నడుమ 1833 నాటి కరవు, 1839 నాటి కోరంగి తుఫాను వచ్చినవి. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరు లేదు. నీరు వచ్చిన ఏడు వరదై వచ్చినది. మోంట్‌గోమరీ 1844లో ఈ జిల్లా దుస్థితిని గూర్చి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చినాడు. ఆ తరువాత ఆర్థర్ కాటన్ ప్రతిపాదన మీద 1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలై 1852లో పూర్తి అయినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, రెండుంపావు మైళ్ల కట్టడంతో గోదావరి పాయలను అడ్డగించిన ఆనకట్ట అది. దాని స్థానంలో నేడు మనం చూస్తున్న బారేజి 1982లో పూర్తి అయినది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిసి దాని కింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది.

కాలువ వచ్చిన తరువాత మెట్ట పైర్లు వెనుకకు పోయి వరి ముందుకు వచ్చినది. ఇది రైతు అభిరుచి వల్ల మాత్రమే జరిగినది కాదు. డెల్టాలో నీరు కాలువ నుండి బోదెకు, బోదె నుండి చేనుకు, ఒక చేను నుండి మరొక చేనుకు పారుతుంది. పై చేనువాడు వరి ఊడ్చినప్పుడు కింది చేనువాడు మినుము గాని, మిరప గాని వేయదలచినా వేయలేడు. అతని నేల అప్పటికే నీటిలో ఉంటుంది. దానికి తోడు ఇది రేగడి నేల. సముద్రానికి దగ్గరైన కొలదీ మురుగు నెమ్మదిగా దిగుతుంది, ఉప్పు పైకి తేలుతుంది. సార్వాలో ఈ నేల మోయగల పైరు వరి ఒక్కటే. కనుక డెల్టాలో పైరును ఎన్నుకొనేది ఒక్క రైతు కాదు. ఒక కాలువ కింది ఊళ్లన్నీ కలిసి ఎన్నుకొన్నట్లు లెక్క. ఈ విషయం మనం ముందు చెప్పుకోబోయే కథకు కీలకమైనది.

నీటికి వెల కట్టుటలోనే ప్రభుత్వ నిర్ణయం మొదటిసారి రైతు ఇంటికి వచ్చినది. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటి తీరువా చట్టం చేసినది. తీరువాను ఎకరం లెక్కన విధించినారు గాని వాడిన నీటి లెక్కన కాదు. నీరు పొదుపు చేసిన రైతుకు అందులో లాభం లేదు. వానలు బాగుండి ధర నిలిచిన రోజులలో ఈ తీరువా భారమనిపించలేదు. కాని 1920ల చివర కృష్ణా, గోదావరి జిల్లాలలో శిస్తును రూపాయికి మూడు అణాల చొప్పున, అంటే 18¾ శాతం, పెంచదలచినప్పుడు రైతులు తిరగబడినారు. ఎన్.జి. రంగా మొదలగువారు ఆ ఆందోళనలో పాల్గొన్నారు. అంతలో ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చి ధాన్యం ధర కూలిపోయినది. శిస్తు మాత్రం రొక్కంలో చెల్లించవలసినదే. ధాన్యంలో వచ్చే రాబడికి, రొక్కంలో పోయే ఖర్చుకు పొంతన తప్పితే రైతు గతి ఏమౌతుందో డెల్టా అప్పుడే చూచినది.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం వసూలు చేసేదిగానే గాక ఇచ్చేదిగా కూడ రైతు ముందుకు వచ్చినది. 1960–61లో దేశం మొత్తం మీద సాంద్ర వ్యవసాయ పథకానికి మొట్టమొదట ఎన్నుకొన్న ఏడు జిల్లాలలో పశ్చిమ గోదావరి ఒకటి. విత్తనం, ఎరువు, అప్పు, సలహా – అన్నీ ఒక మూటగా రైతుకు అందించవలెనని ఆ పథకం ఉద్దేశం. 1965లో వ్యవసాయ ధరల సంఘం, ఆహార సంస్థ ఏర్పడినవి. ధాన్యానికి కనీస ధర అనే హామీ వచ్చినది. 1925లో స్థాపించిన మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ అనే ఎం.టి.యు. 7029 వంగడాన్ని విడుదల చేసినది. అది డెల్టా పొలిమేరలు దాటి దేశంలోని అనేక రాష్ట్రాలలో పండినది. కొత్త వంగడాలు ఎరువుకు బాగా స్పందించేవి. ఎరువు లేనిదే వాటి దిగుబడి లేదు.

అందుచేత ఎరువు ధర రాజకీయమైనది. 1977 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నత్రజని ఎరువులకు ఒక పద్ధతి ఏర్పరచినది. కర్మాగారానికి అయిన ఖర్చును, న్యాయమైన లాభాన్ని కలిపి లెక్క కట్టి, రైతు చెల్లించే ధరకు మించిన భాగాన్ని ఖజానా భరించుట ఆ పద్ధతి. 1979లో భాస్వరపు ఎరువులకూ దీనిని విస్తరించినారు. 1992లో కాకినాడలో యూరియా కర్మాగారం ఉత్పత్తి ఆరంభించినది. మన కృష్ణా గోదావరి పరీవాహక ప్రాంతపు భూగర్భంలోని వాయువే యూరియాగా మారి మళ్లీ మన చేలకు చేరినది.

అయితే ఖజానా మీద బరువు పెరుగుతూ పోయినది. 1991 జూలైలో విదేశ మారక సంక్షోభం నడుమ ప్రవేశపెట్టిన బడ్జెటులో ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ఎరువుల ధరను 40 శాతం పెంచదలచినారు. పార్లమెంటులో నిరసన వచ్చిన మీదట దానిని 30 శాతానికి తగ్గించినారు. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాషు ఎరువులను నియంత్రణ నుండి తొలగించినారు. యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచినారు. ఈ ఒక్క తేడా తరువాతి మూడు దశాబ్దాల కథకు బీజం వేసినది. నీటి విషయంలోనూ సంస్కరణ వచ్చినది. 1996–97లో రాష్ట్ర ప్రభుత్వం నీటి తీరువాను మూడు రెట్లకు పైగా పెంచి, పెద్ద కాలువల కింది వరికి ఎకరాకు 200 రూపాయలు చేసినది. దాని వెంటనే 1997లో నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపినది. వసూలైన సొమ్ముతో కాలువలు, బోదెలు బాగుపడవలెనని సంకల్పం. తీరువా మాత్రం మునుపటివలెనే ఎకరం లెక్కననే నిలిచినది.

అసలైన మార్పు 2010 ఏప్రిల్ 1న వచ్చినది. ఆనాటి నుండి భాస్వరం, పొటాషు ఎరువులకు ప్రభుత్వం పోషకాన్ని బట్టి ఒక నిర్ణీత మొత్తం మాత్రమే ఇచ్చి, అమ్మకపు ధరను కంపెనీలకు విడిచిపెట్టినది. యూరియాను మళ్లీ ఇందులో చేర్చలేదు. దాని ధరను 10 శాతం పెంచి ఊరుకొన్నది. అంతకు ముందు టన్ను 9,350 రూపాయలున్న డి.ఎ.పి. 2012 నాటికి సుమారు 24,000 అయినది. 4,455 రూపాయలున్న పొటాషు 16,000 దాటినది. అంతర్జాతీయ విపణిలో ధరలు పెరుగుట, రూపాయి విలువ తగ్గుట ఇందుకు తోడ్పడినవి.

ఈ లెక్కను రైతు కొలమానంతో చూతము. డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. 2009–10లో బోనసుతో కలిపి క్వింటాలు మద్దతు ధర 1,000 రూపాయలు. అంటే బస్తా 750. ఆనాడు ఒక డి.ఎ.పి. మూటకు, అర మూట పొటాషుకు కలిపి ముప్పాతిక బస్తా ధాన్యం సరిపోయేది. 2012–13లో మద్దతు ధర 1,250 అయినది. బస్తా 937 రూపాయలు. అదే ఎరువుకు ఇప్పుడు బస్తా ముప్పావు ధాన్యం కావలసి వచ్చినది. ధర పెరిగినది, నిజమే. కాని ఎరువు దానిని మించి పెరిగినది. ఎకరాకు ఒక బస్తా ధాన్యం అదనంగా ఎరువు కొట్టుకు పోయినది.

ఒక బస్తా అంటే ఎంతపాటి అని శ్రోతలు అడుగవచ్చు. అది ఎవరి బస్తా అన్నదే ప్రశ్న. డెల్టాలో పొలం దున్నేవారిలో అనేకులు కౌలుదారులు. కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే కుదురుతుంది. ఉదాహరణకు ఎకరా 30 బస్తాలు పండినదనుకొందము. కౌలు 12 బస్తాలు పోగా 18 మిగులుతాయి. దమ్ము, ఊడ్పు, కలుపు, ఎరువు, మందు, కోత, నూర్పిడి, అప్పు వడ్డీ కలిసి 16 బస్తాల విలువ చేస్తే కౌలుదారుకు దక్కేది రెండు బస్తాలు. అందులో ఒకటి పోతే అతని ఆదాయం సగమైనది. భూస్వామి 12 బస్తాలకు మాత్రం లోటు లేదు. పైగా మద్దతు ధర పెరిగినప్పుడు ఆ 12 బస్తాల విలువ కూడ దానంతట అదే పెరుగుతుంది. ధర పెంపులో భాగం ఇద్దరికీ, ఎరువు పెంపు భారం మాత్రం ఒక్కరికే – బస్తాల కౌలులో దాగిన న్యాయం ఇది.

2010–11 నాటికి ఇతర చిక్కులు కూడ కలిసివచ్చినవి. 2007 నుండి బాసుమతి కాని బియ్యం ఎగుమతిపై ఉన్న నిషేధాన్ని 2011 సెప్టెంబరు దాకా తొలగించలేదు. ఆనాడు మన రాష్ట్రంలో ప్రభుత్వ సేకరణ ప్రధానంగా మిల్లుల మీద లెవీ ద్వారా జరిగేది. మద్దతు ధర కాగితం మీద ఉన్నా, కల్లం దగ్గర ధర నిర్ణయించేది మిల్లరు, దళారి. గోదాములు నిండి ఉన్నప్పుడు వారు కొనుటకు వెనుదీసినారు. ఆ లెవీ పద్ధతి 2015లో రద్దయినది. 2010 డిసెంబరు వానలు కోతకు వచ్చిన పైరును తడిపినవి. కోనసీమ తీరపు ఊళ్లలో మురుగు కాలువలు పూడి నీరు దిగక నిలిచినది. కూలి రేట్లు పెరిగినవి.

ఇటువంటి స్థితిలో 2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ఐ.పోలవరం మొదలైన మండలాలలో వేలకొలది ఎకరాలు ఊడ్పులు లేక బీడు పడినవి. కాలువలో నీరున్నది, చేను బీడుగా ఉన్నది. ఆనకట్ట కట్టిన తరువాత డెల్టా ఎన్నడును ఎరుగని దృశ్యమది. స్వామినాథన్ అధ్యక్షతన రైతుల జాతీయ సంఘం సూచించినట్లు సాగు ఖర్చుపై సగం కలిపి ధర ఇవ్వవలెనని, ఉపాధి హామీ పనిని సేద్యానికి జోడించవలెనని, మురుగు కాలువలు బాగు చేయవలెనని వారు కోరినారు. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించినది. 2022లో కోనసీమ రైతులు మళ్లీ అదే మాట పలికినారు.

వరి గిట్టుబాటు కాకపోతే మరొక పైరు వేయరాదా అని పట్టణవాసులు అడుగుట కద్దు. అది సాధ్యమైన చోట రైతు ఆ పని చేసినాడు. న్యూజీలండు 1984లో వ్యవసాయ రాయితీలను దాదాపు పూర్తిగా తొలగించినది. అక్కడ రైతులు గొర్రెలను తగ్గించి పాడికి, ద్రాక్షకు, జింకల పెంపకానికి మళ్లినారు. మన దగ్గర కూడ లంక భూములలో అరటి, కూరగాయలు, పసుపు ఉన్నవి. కడియం ప్రాంతంలో పూలమొక్కల నర్సరీలు ఉన్నవి. కొబ్బరి తోటలలో కోకో వేసినారు. పశ్చిమాన చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్టలలో బోరు నీటితో పామాయిల్ తోటలు పెరిగినవి. 2004లో రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చినప్పుడు ఆ మెట్ట రైతుకు నీటి ఖర్చు తగ్గి, పైరు ఎన్నుకొనే అవకాశం పెరిగినది. కాలువ కింది రైతుకు ఆ సాయం అంతగా తగలలేదు. ఒకే జిల్లాలో ఒక రాయితీ ఒక రైతుకు స్వేచ్ఛ ఇచ్చినది, మరొకనికి ఇవ్వలేదు.

డెల్టా నడుమన వరిని విడిచిపెట్టుటకు ఒక్క దారి మాత్రం విశాలంగా తెరుచుకొన్నది. అది చెరువు. 1980ల నుండి కొల్లేరు చుట్టు, భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాలలో చేపల చెరువులు, తీరం వెంట రొయ్యల చెరువులు వెలసినవి. 1990ల మధ్య తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్య పడిపోయినది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చి మళ్లీ లేచినది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల విద్యుత్తు ధరను యూనిట్ 1 రూపాయి 50 పైసలకు తగ్గించినది. ఎకరాకు వరి కౌలును మించిన రొక్కం ముందుగా చేతికి వచ్చినందున భూస్వామి సంతోషించినాడు. కాని చెరువు తవ్వుటకు, మేతకు పెద్ద పెట్టుబడి కావలెను. వరి కౌలుదారు ఆ పెట్టుబడి పెట్టలేక భూమి నుండి తొలగినాడు. ఊడ్పులకు, కోతలకు పోయే కూలీల పనిదినాలు తగ్గినవి. చెరువు పక్క చేను ఊట పట్టి, కొన్నాళ్లకు తానూ చెరువు కావలసి వచ్చినది. పైరు ఎన్నిక ఇక్కడ కూడ ఒక్కని చేతిలో లేదు.

నేల మీద మరొక ఫలితం కనిపించినది. యూరియా చవుకగా ఉండి తక్కినవి ప్రియమైనందున రైతు పొటాషు తగ్గించి యూరియా పెంచినాడు. దేశం మొత్తం మీద నత్రజని, భాస్వరం, పొటాషుల వాడకం 2009–10లో 4.3, 2, 1 పాళ్లలో ఉండగా, 2012–13 నాటికి 8.2, 3.2, 1 పాళ్లకు చేరినది. నత్రజని మితిమీరిన వరి ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది. దోమపోటుకు సులభంగా లొంగుతుంది. దోమ వచ్చినప్పుడు మందు ఖర్చు పెరుగుతుంది. సగం మాత్రమే చేసిన సంస్కరణ ఖజానాలో మిగిల్చిన దానిని పొలంలో ఖర్చు చేయించినది. 2021లో అంతర్జాతీయ ధరలు మళ్లీ చుక్కలనంటగా, ప్రభుత్వం డి.ఎ.పి. మూటకు ఇచ్చే రాయితీని 500 నుండి 1,200 రూపాయలకు పెంచక తప్పినది కాదు.

ఇకముందు రాయితీలను ఎరువు మూట మీద గాక నేరుగా రైతు ఖాతాలో వేయవలెనని అనేకులు చెప్పుచున్నారు. అందులో మంచి లేకపోలేదు. ఎరువు తన నిజమైన ధరకు అమ్మితే రైతు కొలిచి వాడుతాడు, నేలకు మేలు. 2016లో వేలిముద్ర యంత్రం ద్వారా ఎరువు అమ్మే పద్ధతిని ప్రయోగాత్మకంగా ప్రారంభించిన జిల్లాలలో కృష్ణా, పశ్చిమ గోదావరి ఉన్నవి. ఆ పద్ధతిలో వేలిముద్ర కొన్నవాడిదైనా, రాయితీ సొమ్ము కంపెనీకే పోతుంది. ఇక్కడ ఒక విషయం మనం మరువరాదు. ఎరువు మూట మీది రాయితీ పట్టా అడగదు. ఎవరు కొంటే వారికి దక్కుతుంది. కనుక కౌలుదారుకు దక్కుతుంది. అదే సొమ్మును ఖాతాలో వేయదలచినప్పుడు, ఎవరి ఖాతా అనే ప్రశ్న పుట్టుతుంది.

ఆ ప్రశ్నకు సమాధానం కోసం చట్టాలు రాకపోలేదు. 1956 నాటి కౌలుదారీ చట్టం ఉన్నది. 2011లో కౌలుదారులకు రుణ అర్హత పత్రాలిచ్చే చట్టం, 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చినవి. 2019 చట్టం కింద పత్రం పొందుటకు భూస్వామి ఒప్పందం మీద సంతకం చేయవలెను. సంతకం చేస్తే భూమి మీద హక్కు పోతుందేమోనన్న శంకతో పలువురు చేయరు. 2019లో ఆరంభమైన రైతు భరోసా పథకం కింద భూమిగల రైతు కుటుంబానికి, కేంద్రమిచ్చే 6,000 కలుపుకొని, ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చినారు. భూమిలేని కౌలుదారులలో షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీలవారికి మాత్రమే అది వర్తించినది. వారికైనా పత్రం ఉండవలెను. భూస్వామి ఖాతాలో సొమ్ము పడినంత మాత్రాన కౌలు బస్తాలు తగ్గవు.

కాబట్టి డెల్టాలో సంస్కరణను తూచుటకు రాసు ఒకటి ఉన్నది. దాని వలన ఖజానాకు ఎంత మిగిలినది అని మాత్రమే గాక, సార్వా కోత అయ్యి కౌలు కొలిచిన తరువాత దున్నినవాని కల్లంలో ఎన్ని బస్తాలు మిగిలినవి అని చూడవలెను. పట్టాతో పాటు సాగు చేసేవాని పేరు గ్రామ లెక్కలలో భయం లేకుండ ఎక్కే ఏర్పాటు ముందు జరగవలెను. మురుగు కాలువలు దిగి, చేను చేనుకు నీరు విడిగా పెట్టుకొనే బోదెలు ఏర్పడితేనే వరి కాక మరొకటి వేయుమన్న సలహాకు అర్థం ఉంటుంది. ఈ రెండు పనులు జరిగిన తరువాత ఎరువు ధరను మార్చినా రైతు దానిని తట్టుకొని తన దారి తాను చూచుకోగలడు. అవి జరగక ముందు మార్చితే, 2011లో కోనసీమలో చూచినట్లు, నిండు కాలువ పక్కన బీడు చేనే మిగులుతుంది.